సిలిండర్ గంట

మాదాపూర్ హోటల్లో ఏసీ హాలు.
బల్ల మీద కొత్త సెట్టు, నేరేడుపండు నలుపులో.
అమ్మడానికొచ్చిన కుర్రాడు నిఖిలేశ్
స్పీకర్లో అగ్నిప్రమాదం మోగించాడు:
పంపు రొద, పగిలే అద్దాలు, జనం కేకలు.
ఆ మోత మధ్య నిలబడి
"ఒకటి, రెండు, మూడు" అన్నాడు.
మాకు అంకెలే వినిపించాయి,
కడిగి బోర్లించిన గిన్నెల్లా.

"చెత్తంతా జల్లెడ పట్టి పారేస్తుంది మేడం,
మాటొక్కటే మిగులుస్తుంది."

వెనక వరసలో టెండర్ లెక్కలు.
ఎవరు తక్కువకిస్తారు, బ్యాటరీకి వారంటీ ఎంత,
ఛార్జర్ విడిగా కొనాలా,
పాత సెట్లు తూకానికి తీసుకుంటారా.
బిర్యానీ వాసన అప్పుడే లోపలికొచ్చింది.

నేను కంట్రోల్ రూంలో పందొమ్మిదేళ్లుగా
చెవితో బతుకుతున్నదాన్ని.
నాకు గరగర తెలుసు.
వానాకాలం గరగర వేరు, మే నెలది వేరు.
మూసీ పొంగిన రాత్రి చాదర్‌ఘాట్ నుంచి ఒక గొంతు
సగం నీళ్లు తాగి వచ్చింది.
అయినా వచ్చింది.
పాత సెట్టులో మనిషి దూరమవుతుంటే
మాట పలచబడుతుంది, మజ్జిగలో నీళ్లు పోసినట్టు,
ఇంకా, ఇంకా,
చివరికి నాలుకకి ఉప్పు మాత్రం తగులుతుంది.
కొత్తదాంట్లో అలా కాదు.
ఉన్నంతసేపూ పక్కనే కూర్చున్నట్టు ఉంటాడు.
తర్వాత ఉండడు.

చెయ్యెత్తాను.
"బాబూ, సిలిండర్ గంటని కూడా పారేస్తుందా?"
"ఏ గంట మేడం?"

రాణిగంజ్‌లో పెయింట్ డబ్బాల గోడౌను,
నేల కింద రెండంతస్తులు.
కొమురయ్య లోపలికెళ్లి పదకొండు నిమిషాలు.
వీపు మీది గాలి అయిపోవస్తే గంట కొడుతుంది,
ఐసుబండి గంటలా, సన్నగా, ఆగకుండా.
"అంతా మంచిగనే ఉంది మేడం" అన్నాడు వాడు.
ఎప్పుడూ అంతే అంటాడు,
పెళ్ళాం పురిటినొప్పులు పడుతున్న రోజూ అదే మాట.
నేను మాటని నమ్మలేదు, వెనక గంటని నమ్మాను.
బయటికి రమ్మని అరిచాను.
వచ్చాడు. మీసం మీది మసి తుడుచుకుని
"గింతదానికే గంత లొల్లి ఎందుకు మేడం."

ఇదంతా ఆ హాల్లో చెప్పలేదు.
"వీపు మీద కొట్టే గంట" అన్నానంతే.
నిఖిలేశ్ నవ్వలేదు. స్లైడు మార్చలేదు.
పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నాడు.

మూడో రోజు రాత్రి టై లేకుండా వచ్చాడు.
కొమురయ్య సిలిండర్ తగిలించుకుని
అదే సెల్లారులోకి దిగాడు, మంట లేకుండా, ఒట్టినే.
గాలి వదిలాడు. గంట కొట్టింది.
కొత్త సెట్టు దాన్ని పారేయలేదు, మాట అనుకుంది.
మనిషి గొంతులో పలికించాలని చూసింది.
గంటా కొమురయ్యా కలగలిసి
ఊరూ పేరూ లేని భాష ఒకటి పైకొచ్చింది.
నిఖిలేశ్ చెవులు ఎర్రబడ్డాయి.

మైకుని మాస్కు లోపలికి జరిపారు.
మెట్ల దగ్గర ఇంకో సెట్టుతో ఒకణ్ణి నిలబెట్టారు.
మళ్ళీ దిగాడు. మళ్ళీ.
నాలుగోసారికి గంట గంటలా ఉంది, కొంచెం జలుబు చేసినట్టు.

ఇంకొకటి కూడా చెప్పాలి, దాచకూడదు.
కొత్తదానికి నారింజరంగు బొత్తాం ఉంది.
నొక్కితే చాలు, ఎవరు మాట్లాడుతున్నా తోసుకుని
వాడి పేరు నా బల్ల మీద వెలుగుతుంది.
దస్తగిరి ఆఖరిసారి సెట్టు నొక్కినప్పుడు
వేరెవరో నీళ్ల ట్యాంకరు గురించి మాట్లాడుతున్నారు.
ఆ ట్యాంకరు నంబరు ఇప్పటికీ నాకు గుర్తే.

తెల్లారుజామున నిఖిలేశ్ తన ఫారంలో
'తెలిసిన లోపాలు' అన్న గడిలో 'గంట' అని రాశాడు.
ఆ గడి టెండర్ దాకా వెళ్తుందో లేదో తెలియదు.

నేను డ్యూటీకొచ్చి
పాత సెట్టు గరగర కొంచెం పెంచుకున్నాను.
పక్కన కొత్తది ఛార్జవుతోంది, పచ్చదీపం.
దాని నిశ్శబ్దంలో ఎవరున్నారో
ఇంకా నాకు వినడం రాదు.